కొవ్వంతా కరిగిపోవాలా?

ప్రశ్న: నా వయసు 42. ఈమధ్య పొట్ట బాగా పెరిగింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఒకటే చెమటలు, అన్నం తిన్న గంటకే మళ్లీ ఆకలి. ఆయుర్వేద డాక్టరు గారు మేదోధాతువు పెరిగిందన్నారు. మేదస్సంటే కొవ్వేనా? రోజూ పొద్దున్నే వేడివేడి నీళ్లలో తేనె కలుపుకుని తాగుతున్నాను, కొవ్వంతా కరిగిపోతుందా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కొవ్వేనండీ. కాకపోతే అంతా కరిగిపోవాలని మాత్రం కోరుకోకండి. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అంటూ ఒంటిని నిలబెట్టే ఏడు ధాతువుల్లో అది నాలుగోది. ఒంటికి నునుపూ పటుత్వమూ ఇచ్చేది, ఎముకకు పోషణ అందించేది అదే. అది రెండు దోసిళ్లు ఉండాలని ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత చెప్పింది, అదీ ఎవరి దోసిలితో వాళ్లకి! అందరికీ ఒకే లెక్క పెట్టకపోవడం నాకెంతో నచ్చుతుంది. మరీ తగ్గినా ఇబ్బందే, కీళ్లు పటపటమంటాయి, కళ్లు అలసిపోతాయి.

ఇక మీ ఆకలి. పెరిగిన మేదస్సు లోపలి దారులను మూసేస్తే వాయువు కోష్ఠంలోనే, అంటే కడుపులోనే తిరుగుతూ జఠరాగ్నిని (తిన్నది అరిగించే శక్తిని) రాజేస్తుందని, అందుకే తిన్నది ఇట్టే అరిగి మళ్లీ ఆకలేస్తుందని చరకుడి వివరణ. పోషణంతా మేదస్సుకే పోయి మిగతా ధాతువులకు అందదు కాబట్టి మనిషి లావుగా ఉన్నా నీరసంగానే ఉంటారు. అలాంటప్పుడు కడుపు మాడ్చుకుంటే ఆకలి ఇంకా రేగుతుంది. అరగడానికి టైం పట్టేవి, అయినా కొవ్వు పట్టించనివి తినమన్నారు: ఉలవలు, యవలు (బార్లీ) లాంటివి. (ఉలవచారులో మీగడ వేసుకుంటే మాత్రం ప్రయోజనం ఉండదు.) పగటి నిద్ర మానేయండి, రోజూ నడవండి.

తేనె స్థౌల్యం (ఊబకాయం) తగ్గడానికి మంచిదనే ఉంది, కానీ తేనెకూ వేడికీ పడదని ఆయుర్వేదం గట్టిగా చెబుతుంది. అందుకని మామూలు నీళ్లలోనే కలుపుకోండి, షుగర్ ఉంటే అదీ వద్దు.

ఇదంతా ఆయుర్వేద శాస్త్రం చెప్పే మాట. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటున్నారు కాబట్టి ముందు గుండె, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి, దయచేసి వాయిదా వేయకండి. కొవ్వు తగ్గుతుందని ఎవరో చెప్పారని గుగ్గులు (ఒక చెట్టు బంక) మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు, కొన్ని బీపీ మందుల ప్రభావాన్ని అవి తగ్గించొచ్చు. ఇప్పటికే ఏవైనా మందులు వాడుతుంటే ఆ చీటీ మీ ఆయుర్వేద డాక్టరు గారికీ చూపించండి.