పైసలిచ్చింది బాపు, సంతకం పెట్టింది తాత

ఈ వారం వచ్చిన వాటిలో ఒక ఉత్తరం జర్మనీ స్టాంపుతో, చేతిరాతలో ఐదు పేజీలు ఉంది. కుదించి వేద్దామని రెండుసార్లు కూర్చుని లేచాను, మూడోసారికి ఎలాగో సగం చేశాను. దానివల్ల మిగతావాళ్లకు చోటు తగ్గింది, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, మాది పరకాల దగ్గర ఊరు. ఇప్పుడు డ్రెస్డెన్‌లో నీటి వనరుల ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నా. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు చెరువుల పనులు చూసి రిటైరైన ఒక ఇంజనీరు సారు మా బడికి వచ్చి మాట్లాడిండు. చెరువు నిండినంక నీళ్లు పొర్లిపోయే మత్తడిని కట్టకన్నా ఎత్తు తక్కువ ఎందుకు పెడతరు అని అడిగితే, బెల్లు కొట్టేసిన్రు, ఉత్తరం రాయి జవాబిస్తా అని బోర్డు మీద అడ్రస్ రాసిండు. క్లాసులో రాసింది నేనొక్కడినే. అప్పటినుంచి రాసుకుంటున్నం. ఆయనకు 76, నాకు 24. తాత అని పిలుస్త. ఫోనుంది గాని మాట్లాడడు, ఫోన్ల ఆలోచన రాదంటడు.

నేను ఇక్కడ దిగిన కొత్తల్నే, 2024 సెప్టెంబర్ 11న తెల్లారుజామున, ఊరి నడుమ ఉన్న కరోలా వంతెన ఒక భాగం ఎల్బే నదిల కూలింది. ఆఖరి ట్రామ్ దాటిపోయిన కొద్ది నిమిషాలకే. అంతకు ముందు ఏడాది మేడిగడ్డ బ్యారేజీల ఏడో బ్లాకు పిల్లర్లు కుంగినప్పుడు 'మన దేశం ఇంతే తాతా' అని నేను రాసిన. ఆ మాట గుర్తుపెట్టుకొని, 'మరి మీ జర్మనీ ఎంత?' అని ఒక్క లైను రాసి పంపిండు. నవ్వుకున్నం.

పోయినేడు ఒక ఉత్తరంల ఆయన ఉద్యోగం నాటి ముచ్చట రాసిండు. ఒక చెరువుల పూడిక తీసే పని. మీటరు లోతు తీసినట్టు బిల్లు, తీసింది దాంట్ల సగం కూడ లేదు. వానలు పడి చెరువు నిండినంక కొలవడానికి ఏముంటది, నీళ్లే. 'నేను రూపాయి ముట్టలే, కాని పని కొలతలు ఎక్కించే ఎం-బుక్కుల సంతకం నాదే' అని రాసిండు. నాకు కోపమొచ్చింది. 'తీసుకోకుండ సంతకం పెట్టిన మీకన్న తీసుకున్నోళ్లే నయం, వాళ్లకు కనీసం ఎంతకు అమ్ముకున్నరో లెక్క తెలుసు' అని రాసిన. ఆయన దాని ఊసెత్తలే. ఎప్పటిలెక్కనే జవాబు రాసిండు, ఆ వంతెన లోపలి ఉక్కుకు ఏమైందో రిపోర్టు దొరికితే పంపుమన్నడు.

తర్వాత తెలిసింది ఏందంటే, సర్కారు ఇచ్చే నా విదేశీ విద్యానిధి స్కాలర్‌షిప్ కోసం ఆదాయం సర్టిఫికెట్ తేవడానికి మా బాపు ఒక బ్రోకర్‌కు 4 వేలు ఇచ్చిండట. మా ఆదాయం నిజంగనే 5 లక్షల లోపే, దాంట్ల అబద్ధం లేదు. ఫైలు కదలకపోతే ఇచ్చిండు. ఈ సంగతి తాతకు రాసిన. మూడు నెలలైంది, జవాబు లేదు. ఆయనకు కోపమొచ్చిందా? నేను స్కాలర్‌షిప్ వాపస్ ఇయ్యాల్నా? బాపుతోని సరిగ్గ మాట్లాడలేకపోతున్న.

జవాబు: బిడ్డా, స్కాలర్‌షిప్ సంగతి ముందు. ఆదాయం నిజం, మార్కులు నిజం, సీటు నిజం అయినప్పుడు వాపస్ ఇచ్చే మాట ఎక్కడిది? నీ ఖర్చు నువ్వే లెక్క చూసుకో. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు నిజమే, కాని నువ్వు వెళ్లిన నాటికి వీసా కోసం ఏడాదికి 11,208 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో, చూపించే వెళ్లి ఉంటావు, మన లెక్కలో 10 లక్షల పైమాటే. మీ ఇంట్లో అంత సొమ్ము మూలన పెట్టి ఉండదు. ఆ పథకం నీలాంటి పిల్లల కోసమే పెట్టారు. వాపస్ ఇస్తే బ్రోకర్ జేబులోని 4 వేలు ఏమీ కదలవు, నీ చదువు మాత్రం ఆగుతుంది.

మీ బాపు విషయంలో మాత్రం నేను నసగను. నీకు హక్కుగా రావాల్సిన కాగితానికి డబ్బు కట్టడం నాకు అన్నిటికన్నా రోత పుట్టించే లంచం. దొంగ కాగితానికి ఇచ్చేవాడికి కనీసం ఒక లాభం ఉంది, ఇక్కడ నీది నీకే అమ్మారు. చట్టం కూడా తెలుసుకో. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక ఇచ్చినవాడిదీ నేరమే. బలవంతం మీద ఇచ్చాను అనేవాడు 7 రోజుల్లోగా పోలీసుకో ఏసీబీకో చెప్పుకుంటే ఆ సెక్షన్ వర్తించదు. మీకు ఆ 7 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. అసలు ఇవ్వకముందే ఏసీబీ నంబర్ 1064కు ఫోన్ చేసి ఉంటే వాళ్లే నోట్లకు పొడి రాసి ఇచ్చి, తీసుకున్నవాడి వేళ్లు సోడా నీళ్లలో ముంచి గులాబీ రంగు చూసేవాళ్లు. మన పేపర్లలో నెలకోసారైనా ఆ ఫోటో వస్తుంది, టేబుల్ మీద సీసాలు, పక్కన తల దించుకున్న మనిషి. బాపుకు ఆ నంబర్ తెలియకపోవచ్చు. తెలిసినా అప్లికేషన్ గడువు మీద పడుతుంటే, రోజు కూలి పోగొట్టుకుని మూడోసారో నాలుగోసారో ఆ మెట్లెక్కిన మనిషి నంబర్ వెతుక్కుంటాడా? వెనకేసుకు రావడం కాదు ఇది. ఎన్నిసార్లు తిరిగావు బాపూ, ఎవరు ఏమన్నారు అని నువ్వు అడిగావా లేదా అన్నది నాకు నీ ఐదు పేజీల్లో కనిపించలేదు. 'తెలిసింది' అని రాశావు గాని 'అడిగాను' అని ఎక్కడా రాయలేదు.

ఇక తాత. నువ్వు అంత మాట అన్నాక కూడా ఆయన ఎప్పట్లాగే జవాబు రాశాడని నువ్వే చెప్తున్నావు. వంతెన ఉక్కు గురించి అడిగాడు. అలిగే మనిషే అయితే అప్పుడే అలిగేవాడు. తనను అన్న మాటకు అలగని మనిషి మీ బాపు ఇచ్చిన 4 వేలకు అలుగుతాడా? నేను నమ్మను. కాబట్టి ఈ మౌనానికి కోపం కాకుండా వేరే కారణం ఉండి ఉంటుంది, ఆయన వయసు 76. హన్మకొండలో కోచింగ్‌కు తిరిగే దోస్తు ఎవడో ఒకడు ఉంటాడు కదా నీకు, రేపే పరకాల బస్సు ఎక్కించు, గంట ప్రయాణం. మనిషి బాగున్నాడో లేదో చూసి రమ్మను. ఉత్తరం సంగతి అడగొద్దని కూడా చెప్పు, ఊరికే వచ్చినట్టు వెళ్లమను.

నా సంగతి ఒకటి చెప్తా. డిగ్రీ రోజుల్లో జనగామ వైపు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారికి ఇన్‌లాండ్ కవర్లు రాసేదాన్ని. ఒకసారి ఆయన రాసిన పద్యానికి ఛందస్సు తప్పిందని ఎగిరెగిరి రాశాను. రెండు నెలలు జవాబు లేదు. పెద్దమనిషికి ఇంత అహమా అని నేనూ మూతి ముడుచుకుని కూర్చున్నా. తర్వాత వచ్చిన కవరు మీద అక్షరాలు వేరేలా ఉన్నాయి, లైన్లు కిందికి జారిపోతూ. ఆయనకు కంటి ఆపరేషన్ అయితే ఆయన చెప్తుంటే వాళ్లావిడ రాసింది. మొదటి వాక్యమే 'నీవు చెప్పింది నిజమే, మూడో పాదం తప్పింది' అని. రెండు నెలలు నేను ఆయనతో పడిన పోట్లాటంతా నా బుర్రలోనే జరిగింది.

అయితే తాత బాగానే ఉన్నాడని తేలినా నీ పని అయిపోలేదు. ఆయన ఆ పూడిక సంగతి నీకెందుకు రాశాడు? కొడుకులకో మనవళ్లకో చెప్పి ఉంటాడని నేననుకోను. తొమ్మిదో తరగతిలో మత్తడి ఎందుకు ఎత్తు తక్కువ అని అడిగిన పిల్లవాడు, సంతకం ఎందుకు పెట్టావు తాతా అని కూడా అడుగుతాడనుకుని ఉంటాడు. నువ్వు అడగలేదు, తీర్పు చెప్పేశావు. పెట్టకపోతే ఏమయ్యేది, పైనుంచి ఫోన్ వచ్చిందా, బదిలీ చేస్తామన్నారా, పక్కవాళ్లు పర్సంటేజీ పంచుకుంటుంటే ఈయన వాటా ఎవరు తీసుకున్నారు, నీళ్లు నిండకముందే కొలతలు తీయించే వీలుండేదా, ఇవన్నీ ఆయనకే తెలుసు. రేపు నువ్వు చదువు ముగించి వచ్చి ఇక్కడే ఏదో ఒక ప్రాజెక్టులో చేరితే నీ ముందుకూ ఒక పుస్తకం వస్తుంది, పెన్ను కూడా వాళ్లే ఇస్తారు. అప్పుడేం చేయాలో నీ యూనివర్సిటీలో చెప్పరు. చెప్పగలిగిన మనిషి నీకు ఉత్తరాలు రాస్తున్నాడు.

కనుక ఇంకో ఉత్తరం రాయి. ఆ మాట అన్నందుకు క్షమించమని ఒక్క వాక్యం చాలు, పేజీలు నింపొద్దు, పెద్దవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత పై ప్రశ్నలు రాయి. ఆ వంతెన రిపోర్టు సారాంశం తెలుగులో రాసి జత చెయ్యి. లోపలి బిగింపు తీగల్లో తుప్పువల్ల పగుళ్లు వచ్చి అవి తెగాయనీ, వంతెన 1971 నాటిదనీ నేను చదివిన మేరకు తెలుసు, మిగతాది నీకే బాగా తెలుస్తుంది. ఆయన అడిగి ఇన్నాళ్లయినా నువ్వు పంపినట్టు ఎక్కడా రాయలేదు. జవాబు బాకీ ఉన్నది ఆయన ఒక్కడే కాదు.

పన్లో పని, జర్మనీలో అన్నీ టైముకే నడుస్తాయని మీవాళ్లకు కోతలు కోయకు. 2024లో అక్కడి దూరప్రయాణపు రైళ్లలో టైముకు చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా. మన కాజీపేటలో కూర్చుని ఈ మాట చదివితే ఎంత హాయిగా ఉందో!

ప్రశ్న: మా బాబును అమెరికా ఎంఎస్‌కు పంపుదామని తిరుగుతున్నాం మేడమ్. మా దగ్గర బ్యాంకులో అంత డబ్బు లేదు. కన్సల్టెన్సీ అతను 15 రోజులకు 30 లక్షలు మా అకౌంట్లో చూపిస్తాడట, కమీషన్ తీసుకుంటాడట. అందరూ ఇలాగే చేస్తున్నారంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. (ఓ తల్లి, జమ్మికుంట)

జవాబు: వద్దమ్మా. దొరికితే అతని కమీషన్ అతనికి ఉంటుంది, మీవాడికి వీసా పోతుంది. మోసంతో వీసా అడిగినట్టు తేలితే అమెరికాలో మళ్లీ ఎప్పటికీ అడుగుపెట్టనీయకుండా చేసే నిబంధన ఉంది. విద్యా రుణానికి వెళ్లండి, బ్యాంకు ఇచ్చే శాంక్షన్ లెటరే చూపించవచ్చు. బ్యాలెన్స్ అద్దెకు తెచ్చుకోవాల్సిన పనేముంది?

ఇంకోటి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు ట్రాకర్లు తగిలించిన ఫోటోలు గుర్తున్నాయి కదా. 2019లో ఫార్మింగ్టన్ అయితే ఇంకా విడ్డూరం, అది అక్కడి ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. వెబ్‌సైట్ ఉంది, అధికారిక లిస్టుల్లో పేరు కూడా ఉంది, పాఠాలు మాత్రం లేవు. చిక్కుకున్నవాళ్లలో చాలామంది మన తెలుగు పిల్లలే. కాబట్టి లిస్టులో పేరుందని ఊరుకోవద్దు. అక్కడ ఇప్పుడు చదువుతున్న పిల్లలెవరితోనైనా మీవాణ్ని మాట్లాడించండి, నిన్న ఏ క్లాసు జరిగింది, ఎవరు చెప్పారు అని అడగమనండి. కన్సల్టెన్సీ ఇచ్చిన నంబర్లకు మాత్రం చేయొద్దు.

ప్రశ్న: నాకు 72 ఏండ్లు. మనవడు టెక్సాస్‌లో ఉన్నాడు. వాట్సాప్‌లో పేజీలకు పేజీలు రాస్తే బొటనవేలు బొమ్మ పెడతాడు. (కరీంనగర్)

జవాబు: ఆ పేజీల్లో ఏముందో ఊహించగలను. తిన్నవా, పండుకున్నవా, సంబంధాలు చూడాల్నా. వీటికి బొటనవేలే ఎక్కువ. మీకు నిజంగా తెలియనిది, వాడికి మాత్రమే తెలిసినది ఒకటి అడగండి. అక్కడ నల్లా బిల్లు ఎవరు ఇస్తారు, కార్పొరేటర్‌లాంటివాడు ఉంటాడా, రోడ్డు మీద గుంత పడితే వాడు ఎవరికి చెప్పుకోవాలి అని. వాడికీ తెలియదు, కనుక్కుని రాస్తాడు.

ప్రశ్న: మా వాడలో సీసీ రోడ్డు వేసి ఆరు నెలలు కాలేదు, కంకర తేలింది. ఆర్టీఐ పెట్టమంటున్నారు. ఎలా రాయాలి? (భూపాలపల్లి జిల్లా నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: తెల్ల కాగితం మీద, తెలుగులోనే రాయమ్మా. మన దగ్గర గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అదే ఆఫీసులో పైఅధికారికి అప్పీలు. పై ఉత్తరంలోని అబ్బాయికి 'ఎందుకు' అని అడగమని చెప్పాను గాని నువ్వు మాత్రం ఆ మాట వాడకు. 'రోడ్డు ఎందుకు పగిలింది' అని అడిగితే, మా దగ్గర అలాంటి సమాచారం లేదని ఒక్క లైనులో తేల్చేస్తారు. కాగితాలు అడుగు: అంచనా కాపీ, కాంట్రాక్టు ఒప్పందం, నాణ్యత పరీక్షల రిపోర్టులు, ఎం-బుక్ జిరాక్స్. రిపేరు ఎన్నాళ్ల వరకు కాంట్రాక్టరు మీదే ఉందో ఆ ఒప్పందంలో ఉంటుంది, గడువు లోపల ఉంటే వాడే మళ్లీ వేయాలి. ఎం-బుక్‌లో మందం ఎంత రాశారో చూసుకుని, అంచు దగ్గర పగిలిన చోట స్కేలు పెట్టి ఫోటో తీసుకో. మీ రోడ్డు మీద ఇంకా నీళ్లు నిండలేదు కదా, కొలవొచ్చు.