రైలు సెట్టు కొనే ముందు ఇంజన్ని తిరగేసి చూడరా అల్లుడూ

ఒరే అల్లుడూ,

గుంటడి పుట్టినరోజుకి కరెంటు రైలు సెట్టు కొంటాను, ఏది మంచిదో చెప్పు మావయ్యా అన్నావు కదా, ఫోన్లో చెప్తే సగం గాలికి పోతాది అందుకే తీరిగ్గా టైప్ చేస్తున్నాను. సంతలో దొరికే బ్యాటరీ రైలు సంగతి వేరు, అది పాడైతే పారీడమే. నువ్వనేది పట్టాల్లోంచి కరెంటు తీసుకుని నడిచే మోడల్ రైలు, డబ్బు గట్టిగానే అవుతాది, పాడైతే ఇక్కడ పర్లాకిమిడిలో గానీ మీ బరంపురంలో గానీ బాగుచేసే షాపు నా కంటికైతే కనపడలేదు. అంటే విప్పాల్సింది మనమే. అందుకే డబ్బాలో ఎన్ని పెట్టెలున్నాయి, సిగ్నల్ ఉందా, స్టేషన్ ఉందా అని చూడకు, ముందు ఇంజన్ చూడు.

ఇంజన్ని తిరగేస్తే అడుగున స్క్రూలు కనపడాలి. బాడీ స్క్రూలతోనో క్లిప్పులతోనో ఊడొచ్చేలా ఉంటే మంచిది, గమ్ముతో అతికించేసింది అయితే వొద్దు, ఎంత అందంగా ఉన్నా వొద్దు. డబ్బాలో గానీ కంపెనీ సైట్లో గానీ లోపలి పార్టులన్నీ విడివిడిగా గీసి పక్కన నంబర్లు వేసిన బొమ్మ ఉండాలి, ఆ నంబరు చెప్తే పార్టు పంపేవాడు ఉండాలి. మోటార్లో ముందు అరిగేవి బ్రష్‌లు, అంటే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న కార్బన్ ముక్కలు, అవి విడిగా మార్చుకునే వీలుంటే ఆ ఇంజన్ ఏళ్ళకేళ్ళు నడుస్తాది, సీల్ చేసిన మోటారైతే మోటారు మొత్తం మార్చాలి, అది దొరుకుతాదో లేదో ముందే అడుగు. ఇంకోటి ఇరుసు మీద ఉండే ప్లాస్టిక్ పళ్ళచక్రం. పాతబడ్డాక అది సన్నగా పగులు ఇస్తాది, కంటికి ఆనదు కానీ బండి మెల్లగా నడిపితే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా టక్ మని కుదుపొస్తాది. సెకండ్‌హ్యాండ్ కొంటే స్పీడుగా తిప్పిన వీడియో చూసి మురిసిపోకు, మెల్లగా పాకించి చూపించమను.

పట్టాల దగ్గరకి వద్దాం, మన తడిగాలికి ఇదే అసలు సంగతి. చవక సెట్లలో ఇనప పట్టాలిస్తారు, ఒక్క వానాకాలానికి తుప్పు పట్టీసి కరెంటు అందక బండి ఆగి ఆగి నడుస్తాది, పిల్లాడేమో ఇంజన్ పాడైందని ఏడుస్తాడు. నికెల్ సిల్వర్ అనే మిశ్రమ లోహం పట్టాలు తీసుకో. చిన్న అయస్కాంతం దగ్గర పెట్టి చూడు, అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే సరే. బాక్‌మన్ కంపెనీ వాళ్ళ ఈజీ ట్రాక్ అనే పట్టాల్లో అయితే కింద నల్ల ప్లాస్టిక్ ఉన్నది ఇనుము, బూడిద రంగుది నికెల్ సిల్వర్. కాటో కంపెనీ వాళ్ళ యూనిట్రాక్ పట్టాలు నికెల్ సిల్వరే. మురికి పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి రాసి తుడవండి, గరుకు కాయితం పెట్టి మాత్రం రుద్దొద్దు, గీతలు పడి మురికి ఇంకా ఎక్కువ పడతాది.

అడాప్టర్ దగ్గర చాలా జాగ్రత్తరా. అమెరికా సెట్టుది 120 వోల్టులకి, జపాన్‌ది 100కి చేసి ఉంటాది, మన 230లో పెడితే కాలిపోతాది, ఇంట్లో పిల్లలున్నారు. ఇన్‌పుట్ 100-240 అని దాని మీద రాసుంటేనే పెట్టు. మొదటి బండికి మామూలు 12 వోల్టుల డీసీ చాలు, డీసీసీ అంటే లోపల చిప్పు పెట్టి నడిపేది తర్వాత చూసుకోవచ్చు, దానికి సాకెట్ ఉన్న ఇంజన్ కొంటే సరి. మార్క్లిన్ కంపెనీ హెచ్ఓ సైజు సెట్టు చవగ్గా దొరికినా వొద్దు, దాని మూడు పట్టాల పద్ధతి వేరు, మిగతా వాటితో కలవదు.

సైజు మాటకొస్తే హెచ్ఓ అంటే అసలు రైల్లో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఎన్ అంటే 160వ వంతు, 9 మిల్లీమీటర్లు. పిల్లాడి చేతికీ మన స్క్రూడ్రైవర్‌కీ హెచ్ఓనే హాయి. కాకపోతే వాడు మన గుణుపురం చిన్న రైలు కావాలంటున్నాడట కదా, మీ అమ్మ చెప్పింది, నాకెంత సంతోషం వేసిందో. 1900లో మన పర్లాకిమిడి రాజావారి హయాంలో మొదలైన లైను, 1931లో గుణుపురం దాకా వెళ్ళింది, 2004లో ఆపీసి బ్రాడ్‌గేజ్ చేశారు, వాడు పుట్టకముందే పోయింది. ఆ పాత లైను గేజు, అంటే పట్టాల మధ్య ఎడం, 762 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 8.76, అంటే ఎన్ పట్టాలు ఇంచుమించు సరిపోతాయి! వాడు పెద్దయ్యాక హెచ్ఓ బండి పక్కనే ఆ చిన్న లైను వేసుకోవచ్చు, పెట్టెలు నేను కార్డుబోర్డుతో చేసి పెడతాను.

సెట్టుతో పాటే బ్రష్‌లు, చక్రాలకి వేసే రబ్బరు రింగులు, పట్టాలు కలిపే జాయినర్లు కూడా తెప్పించు, తర్వాత ఆ మోడల్ ఆపీస్తే దొరకవు. ప్లాస్టిక్‌ని పాడుచెయ్యని పల్చటి ఆయిల్ ఒకటి తీసుకో, సూది మొనతో ఒక్క చుక్క చాలు, కొబ్బరినూనె మాత్రం పొయ్యనీకు, గడ్డకట్టి గేర్లు పట్టీస్తాయి.

డబ్బు కట్టే ముందు అమ్మేవాణ్ణి ఒక్కటడుగు, ఈ ఇంజన్ గేరు నంబరెంత, విడిగా ఇస్తావా అని. వాడేమన్నాడో, ఇంజన్ అడుగు ఫోటోతో సహా నాకు పంపు, చూసి చెప్తాను.

మీ మావయ్య