ఎన్నారై సందేహాలు: రైల్లో దాడి వీడియో చూసి అమ్మ వెళ్ళవద్దంటోంది

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. షార్లెట్‌లోని యూనివర్సిటీలో ఎమ్మెస్ సీటు వచ్చింది. అక్కడి సిటీ రైల్లో ఒక అమ్మాయిని పొడిచి చంపిన వీడియో మా వీధిలో అందరి ఫోన్లకూ చేరింది. "అంతమంది ఉండీ ఒక్కరూ లేవలేదు, అలాంటి దేశం మనకి ఏటికమ్మా" అని అమ్మ ఏడుస్తోంది. నల్లవాళ్ళు కనబడితే పక్కకు తప్పుకోమని బంధువులు చెబుతున్నారు. వీళ్ళకు ఏం చెప్పాలి?

జవాబు: నాది విజయనగరం, చాలా ఏళ్ళుగా షార్లెట్ ఉన్న నార్త్ కరోలినా రాష్ట్రంలోనే ఉంటున్నాను కనుక ఆ సంఘటన మీద ఇక్కడ నడిచిన వాదాలన్నీ విన్నాను. 2025 ఆగస్టు 22 రాత్రి, యుద్ధం నుంచి తప్పించుకొని వచ్చిన 23 ఏళ్ళ ఉక్రెయిన్ యువతి పిజ్జా దుకాణంలో పని ముగించుకొని బ్లూ లైన్ అనే సిటీ రైలెక్కితే, వెనక సీట్లోని అపరిచితుడు ఏ గొడవా లేకుండానే పొడిచి చంపాడు. సెప్టెంబరులో కెమెరా దృశ్యాలు బయటికి వచ్చాకగాని దేశం అట్టుడకలేదు. నిందితుడు అంతకుముందు ఎన్నోసార్లు అరెస్టయ్యాడనీ, అదే ఏడాది జనవరిలో పట్టుబడినప్పుడు కోర్టుకు హాజరవుతానని రాసిచ్చిన హామీ మీదే విడుదలయ్యాడనీ తెలియడంతో కోపం న్యాయవ్యవస్థ మీదికి మళ్ళింది. అతనికి మానసిక జబ్బు ఉందని కుటుంబమే చెప్పింది కనుక, వైద్యం ఎందుకు అందలేదని మరికొందరు నిలదీశారు. చివరికి బెయిలు నిబంధనలను బిగించే చట్టం బాధితురాలి పేరుతోనే వచ్చింది; గవర్నర్ జాష్ స్టైన్ అక్టోబరు 3న దానిపై సంతకం చేశారు.

ఇవన్నీ సమంజసమైన వాదాలే. నిందితుడు నల్లజాతివాడు కావడంతో వీటి పక్కనే జాతి ద్వేషం కూడా పొంగింది, మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులూ దానికి అతీతం కాలేదు. మీ బంధువుల సలహాతో మీరు దిగితే ప్రొఫెసరుకు, పక్క గది విద్యార్థికి, బస్సు డ్రైవరుకు అందరికీ భయపడుతూ బతకాలి. పైగా ఆ చూపు వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇక ఎవరూ లేవలేదన్న మాట. దాడి క్షణాల్లో ముగిసింది; దగ్గర కూర్చున్నవారు వెంటనే కదలని మాట నిజమే, అది నన్నూ కలచివేసింది. ఆలస్యంగానైనా సాయానికి వచ్చినవారు మాత్రం ఉన్నారు. ఇలాంటి తీర్పులు ఎంత తొందరపాటువో ఫిలడెల్ఫియాలో చూశాం: 2021 అక్టోబరులో రైల్లో ఒక మహిళపై అత్యాచారం జరిగినప్పుడు ప్రయాణికులు ఫోన్లలో తీస్తూ చోద్యం చూశారని ప్రపంచమంతా దుమ్మెత్తిపోసింది, అది నిజం కాదని తరవాత జిల్లా అటార్నీయే (అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటరు) చెప్పాడు. 2017 మే నెలలో పోర్ట్‌లాండ్ రైల్లో ఇద్దరమ్మాయిలను ఒకడు మతద్వేషంతో దూషిస్తుంటే ముగ్గురు అడ్డుపడ్డారు, వారిలో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇదీ ఆ దేశమేనని అమ్మగారికి చెప్పండి.

విజయనగరం జిల్లా కంటకాపల్లి రైలు ప్రమాదాన్ని కూడా గుర్తు చేయవచ్చు. 2023 అక్టోబరు 29న మీ ఊరి మీదుగా వెళ్ళే విశాఖ–పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు ఢీకొట్టి 14 మంది చనిపోయారు. ప్రమాదం వేరు, హత్య వేరు. అయినా మన జిల్లాల వాళ్ళు ఆ రైళ్ళు ఎక్కడం మానలేదు కదా.

జాగ్రత్తలు మాత్రం తప్పవు. 2018 నుంచి బ్లూ లైన్ మీ క్యాంపస్ దాకా వస్తోంది, స్టేషన్లలో గేట్లు ఉండవు కనుక టికెట్ లేనివారూ ఎక్కగలరు. రాత్రివేళ డ్రైవరుకు దగ్గరి పెట్టెలో కూర్చోండి. ఎవరి తీరైనా తేడాగా ఉంటే మొహమాటపడకుండా వచ్చే స్టేషనులో పెట్టె మారండి. ఏదైనా జరిగితే దూరం జరిగి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి, లైను పేరు, దాటిన స్టేషను, వెళ్తున్న దిశ చెప్పాలి. కలబడమని మాత్రం నేను చెప్పను.

ఆ వీడియోను ఎవరికీ పంపకండి, దాని కింద వ్యాఖ్యలూ రాయకండి. చనిపోయిన పిల్ల తల్లిదండ్రుల మాట అటుంచినా, 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారి సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా ఉంచమంటున్నారు. మీ ఇంటర్వ్యూ ఇంకా కాకపోతే కాన్సులేటు అధికారి అవి చదివే అవకాశం ఉంది.