చింతపండు మిషను చూపించే ముందు

బరంపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు చేసిన చింతపండు పిక్క తీసే మిషను వీడియో మీ అత్తయ్యా నేనూ చూశాం. పిక్క నలగకుండా ఊడి కిందపడుతుంటే, ఈనెలు విడిగా వస్తుంటే, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. గుణుపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఎండాకాలమంతా రాయి ముందేసుకుని చింతపండు కొట్టడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. పార్వతీపురం షావుకారు శనివారం వచ్చి మిషను చూస్తానన్నాడని, నచ్చితే పాతిక చేయిద్దామన్నాడని రాశావు. ఆ శనివారాన్ని ముందు వాయిదా వెయ్యి.

ఆయన మంచివాడే కావచ్చు. కానీ కొత్త ఆలోచన అమ్మాలనుకునే ఎవరికైనా ఈ చిక్కు తప్పదు. చూపించకపోతే ఎవరూ డబ్బు పెట్టరు. చూపించాక డబ్బు పెట్టాల్సిన అవసరమే వాళ్లకు ఉండదు. కెన్నెత్ యారో అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే ఈ సంగతి రాశాడు. బియ్యం బస్తా అమ్మితే బస్తా నీ చెయ్యి దాటిపోతుంది. ఆలోచన అలా కాదు, చెప్పినవాడి దగ్గరా ఉంటుంది, విన్నవాడి దగ్గరా ఉంటుంది. అది చౌకగా పాకిపోతుంది కాబట్టే, కష్టపడి కనిపెట్టినవాడికి ఖర్చులైనా రావాలని చట్టం పేటెంటు అనే హక్కు పెట్టింది. దరఖాస్తు రోజు నుంచి 20 ఏళ్లు. బదులుగా నీ పద్ధతంతా నువ్వు లోకానికి రాసివ్వాలి.

నా షెడ్డులో రోజూ జరిగేది చెబుతాను. ఎవరో ఒకరు ఫోన్లో ఫోటో పట్టుకొచ్చి "ఇలాంటిదే చేసిపెట్టండి" అంటారు. మిషనే ఎదురుగా ఉంటే ఇంకేం కావాలి? ఫ్రేము, చైను, రోలర్ల సైజు, మోటారు హార్స్‌పవరు అన్నీ వెర్నియర్ పెట్టి సాయంత్రంలోపు కొలిచేస్తాం. నీ మిషన్లో రోలర్ల కింద స్ప్రింగు మీద ఆడే దువ్వెన ఉంది చూశావూ, దాన్ని పార్వతీపురంలోనో రాయగడలోనో ఏ వెల్డరైనా ఒక్క చూపులో పట్టేస్తాడు. నువ్వు దాచలేనిది అదే. అందుకే దాన్ని కాగితం మీద పెట్టాలి.

ముందు పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్లో వెతుకు, డబ్బు కట్టక్కర్లేదు. చింతపిక్క తీసే మిషన్లు మన దేశంలో ఇప్పటికే ఉన్నాయి. కాబట్టి "చింతపండు మిషను" మొత్తానికి నీకు హక్కు రాదు. వస్తే ఆ దువ్వెనకి, అది స్ప్రింగుతో కదిలే తీరుకి వస్తుంది. అది చాలు, నిరుత్సాహపడకు.

ఆ తర్వాత ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వెయ్యి. ఆన్‌లైన్లో వేస్తే నీలాంటి వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు. అది వేసిన రోజే నీ తేదీ ఖాయమవుతుంది, పూర్తి దరఖాస్తుకి 12 నెలల గడువుంటుంది. ఒడిశాలో ఉన్నవాళ్లకి కోల్‌కతా ఆఫీసు, ఆంధ్రావాళ్లకి చెన్నై. నువ్వు ఉండేది గుణుపురంలో కాబట్టి కోల్‌కతాయే, శ్రీకాకుళం చిన్నాన్న అడ్రసు పెట్టొద్దు. హక్కు వస్తే దేశమంతటా చెల్లుతుంది, రాష్ట్రం హద్దు దాటితే పోదు. దరఖాస్తు పడేదాకా వీడియో స్టేటస్‌లో పెట్టకు, కాలేజీ ఎగ్జిబిషన్లో నిలబెట్టకు. ముందే నలుగురికీ బయటపడితే కొత్తది కాదని కొట్టేసే ప్రమాదం ఉంది.

ఆ ఏడాదిలో పది మిషన్లైనా అమ్ముడుపోతాయో లేదో చూసుకో. అసలు లెక్క అదే. పేటెంట్ ఆఫీసువాళ్లు నీ దరఖాస్తుని పరీక్షించడానికి ఇంకో 4,000, తర్వాత ఏటా రెన్యువల్, వీటన్నిటికంటే దరఖాస్తు రాసిపెట్టే ఏజెంటు ఫీజు ఎక్కువ. ఆడవాళ్లు దరఖాస్తు చేస్తే త్వరగా పరీక్షించమని అడిగే వీలుంది, దానికి ఫీజు ఎక్కువ. రేపు ఎవరైనా కాపీ కొడితే పోలీసు వచ్చి ఆపడు, కోర్టుకి నువ్వే వెళ్లాలి. కేసు జిల్లా కోర్టులో మొదలైనా, ఎదుటివాడు నీ పేటెంటే చెల్లదని ఎదురు దావా వేస్తే కటక్ హైకోర్టుకి పోతుంది. సీజనంటే మాఘం నుంచి చైత్రం దాకా. ఆ నాలుగు రోజుల వ్యాపారం ఆ ఖర్చు మోస్తుందా? మోయదనిపిస్తే పూర్తి దరఖాస్తు వెయ్యకుండా వదిలెయ్యి. అది తప్పేం కాదు.

కంటికి కనబడనివి వేరే ఉన్నాయి. పండు ఎంత ఆరితే రోలర్లకి అంటుకోదు, ఏ ఊరి పండుకి ఎంత సందు పెట్టాలి లాంటివి. దరఖాస్తు వేసే నాటికి నీకు తెలిసిన మేలైన పద్ధతి అందులో రాయాల్సిందే, దాచకూడదు. తర్వాత వాడగా వాడగా తెలిసేవి మాత్రం నీవే, నోట్‌బుక్కులో రాసుకుని లోపల పెట్టుకో. వ్యాపార రహస్యాలకి మన దేశంలో విడిగా చట్టం లేదు, సంతకం పెట్టించుకున్న ఒప్పందమే దిక్కు. షావుకారు మనుషులు మిషను విప్పి చూస్తామంటే ముందు ఆ కాగితం.

ఇక నాకు బాగా టెన్షన్ పెట్టిన మాట. నీ స్నేహితుడి పేరు కూడా దరఖాస్తుదారుగా పెడతానన్నావు. దువ్వెన ఆలోచనలో అతని బుర్ర ఉంటే కనిపెట్టినవాడిగా అతని పేరు ఉండి తీరాలి, అది న్యాయం. నువ్వు గీసిచ్చింది వెల్డింగ్ చేసిపెట్టాడంతే అయితే కూలి, కృతజ్ఞత ఇవ్వు. ఎందుకంటే ఇద్దరు యజమానులై, విడిగా ఒప్పందం లేకపోతే చట్టం చెరిసగం అంటుంది. ఎవరికి వారు మిషన్లు చేసి అమ్ముకోవచ్చు, రెండోవారికి పైసా లెక్క చెప్పనక్కర్లేదు. కానీ షావుకారుకి లైసెన్సు, అంటే మిషన్లు చేసుకునే అనుమతి, ఇవ్వాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకరు బెంగళూరు వెళ్లి ఫోనెత్తకపోతే నీ చేతులు కట్టేసినట్టే. కాలేజీ వర్క్‌షాపులో, వాళ్ల సామానుతో చేశావు కాబట్టి వాళ్ల నియమాలు కూడా రాతలో అడుగు.

ధర సంగతి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం చీర నేతకి ముందు నూలు చుట్టే ఆసు మిషను చేసింది వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేక. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. నువ్వు కూడా మహిళా సంఘాలకి అందే ధరే పెట్టు. ధర కొండెక్కించి కూర్చుంటే చట్టం కూడా ఒప్పదు. బేయర్ కంపెనీ కేన్సర్ మందు నెలకి 2,80,000 రూపాయలైతే, 2012లో మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకి ప్రభుత్వం బలవంతపు లైసెన్సు, అంటే పేటెంటున్నవాడు ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, ఇచ్చింది. నాట్కో దాన్ని 8,800కి అమ్మింది, బేయర్‌కి రాయల్టీ కట్టింది. షావుకారుకి లైసెన్సు ఇచ్చినా ముందు కొంత, తర్వాత మిషనుకి ఇంత అని రాయించుకో. ఆంధ్రా వరకే ఇవ్వు, రాయగడ, గజపతి జిల్లాలు నీ దగ్గరే ఉంచుకో.

మిషను బొమ్మ కొలతలతో గీసి ఈ వారంలో నాకు పంపు. దరఖాస్తులో పెట్టే డ్రాయింగు నేనూ చూస్తాను. షావుకారుకి మాత్రం సంక్రాంతి తర్వాత రమ్మని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య