ఊరంతా ఒకే పుస్తకం చదవడం: ఈటన్‌విల్‌లో నేను చూసింది

మీ ప్రశ్న: బుక్ క్లబ్ పెడితే రెండో నెలకే జనం తగ్గిపోయారు, అమెరికాలో లైబ్రరీలు నడిపే "ఊరంతా ఒకే పుస్తకం" కార్యక్రమాలు నిజంగా పనిచేస్తాయా, ఎవరైనా వెళ్లారా అని. నేను వెళ్లాను. పనిచేస్తాయి. పుస్తకానికీ చదివే ఊరికీ చుట్టరికం ఉంటే ఇంకా బాగా పనిచేస్తాయి.

మేముండేది ఓర్లాండోలో. ఉత్తరాన కొద్ది మైళ్లు వెళ్తే ఈటన్‌విల్ అనే చిన్న ఊరు వస్తుంది. 1887లో నల్లజాతివాళ్లు స్థాపించుకుని, తామే మేయర్లుగా, తామే కౌన్సిలర్లుగా నడుపుకున్న ఊరు. నవలా రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ పెరిగింది అక్కడే. పుట్టింది 1891లో అలబామాలోని నోటసల్గాలో అయినా, ఆవిడ తన ఊరు ఈటన్‌విల్ అనే చెప్పుకునేది. వాళ్ల నాన్న ఆ ఊరికి మేయర్‌గా కూడా చేశాడు. 1937లో వచ్చిన ఆవిడ నవల "దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్"లో ఆ ఊరు అదే పేరుతో ఉంటుంది. 2006లో అమెరికా ప్రభుత్వ కళల సంస్థ ఊరంతా ఒకే పుస్తకం చదివించే "బిగ్ రీడ్" కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న మొదటి నాలుగు పుస్తకాల్లో ఇదొకటి.

నేను వెళ్లింది ఆ నవల మీద లైబ్రరీ పెట్టిన చదువు కార్యక్రమానికి. సంభాషణలన్నీ దక్షిణాది నల్లవాళ్ల మాటతీరులో, పలికినట్టే రాసి ఉంటాయి. ఒంటరిగా చదివితే పేజీ కదలదు. అక్కడ ఈటన్‌విల్‌లోనే పెరిగిన ఒక పెద్దావిడ కంచరగాడిద కథ పైకి చదివారు. మాట్ బోనర్ అనేవాడి గాడిద ఎంత బక్కచిక్కిందంటే, ఆడవాళ్లు దాని పక్కటెముకల మీద బట్టలు రుద్ది ఉతుకుతున్నారని కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్లు వాణ్ణి ఆటపట్టిస్తారు. ఆవిడ తొందరపడలేదు. ఒక్కో మాటకీ ఆగి, కళ్లజోడు పైనుంచి మావైపు చూసి, మళ్లీ అందుకునేవారు. గది గదంతా పడి పడి నవ్వింది. ఆ కొట్టు జోరా చిన్నప్పుడు నిజంగానే ఉండేది, జో క్లార్క్ కొట్టు. మన రచ్చబండ లాంటిదే. పుస్తకం తెరవకుండా వచ్చినవాళ్లు కూడా ఆ రోజు కాపీ తీసుకునే వెళ్లారు. అందుకే చెబుతున్నా, మీ క్లబ్‌లో విశ్లేషణ తగ్గించి పైకి చదివించండి. ఆ యాస వచ్చినవాళ్లనే వెతికి మరీ పిలవండి.

ఇంకో రోజు నవలలోని తుఫాను భాగం చదివాం. ఆ తుఫాను నిజంగా వచ్చినదే. 1928లో వచ్చిన ఆ హరికేన్‌కి ఫ్లోరిడాలోని ఒకీచోబీ సరస్సు కట్ట తెగి, కనీసం 2500 మంది పోయారు. అందులో ఎక్కువమంది పొలాల్లో కూలి చేసుకునే నల్లవాళ్లే. ఫ్లోరిడాలో తుఫాను అనుభవం లేని ఇల్లు ఉండదు కదా, అందరికీ మాటలొచ్చాయి. నేను 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి మా అమ్మమ్మ చెప్పినవి చెప్పాను. రాత్రికి రాత్రి నీళ్లు ఎలా వచ్చాయో, తెల్లారాక మనుషుల్ని ఎలా వెతుక్కున్నారో. పక్కన కూర్చున్నాయన నా చెయ్యి పట్టుకుని, మీ అమ్మమ్మగారు ఎలా బతికి బయటపడ్డారని అడిగాడు. అప్పటిదాకా నేను ఆ గదిలో బయటి మనిషిననే అనుకున్నాను.

ఇదంతా సరదా కాలక్షేపం అనుకునేవాళ్లకి ఒక విషయం చెప్పాలి. 1980ల చివర్లో ఆ ఊరి మధ్యనుంచి వెళ్లే రెండు వరసల రోడ్డును అయిదు వరసలు చేద్దామన్నారు. ఊరే రెండు ముక్కలయ్యేది. ఊరివాళ్లు సంఘం కట్టి, ఇది జోరా ఊరు, దీనికో చరిత్ర ఉంది అని నిలబడ్డారు. అందులోంచి పుట్టిందే 1990 జనవరిలో మొదలైన జోరా ఉత్సవం. తన పేరు ఊరికి ఇంత అండ అవుతుందని ఆవిడకి తెలియదు. 1960లో ఫ్లోరిడాలోనే ఫోర్ట్ పియర్స్ అనే ఊళ్లో, చేతిలో డబ్బు లేని స్థితిలో చనిపోయింది, సమాధి మీద పేరు కూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ అనే రచయిత్రి వెతుక్కుంటూ వెళ్లి రాయి వేయించింది. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

మీ సంగతికొస్తే, నెలకో పుస్తకం మానేసి ఏడాదికి ఒకటే పెట్టుకోండి. మీ జిల్లా మనిషి రాసినది, మీ వీధులూ మీ చెరువూ ఉన్నది ఎంచుకోండి. లైబ్రరీతో ముందే మాట్లాడి కాపీలు సరిపడా తెప్పించండి, లేకపోతే మొదటి వారమే జనం జారిపోతారు. ఒక ఆదివారం కథలో వచ్చే చోట్లకి నడక పెట్టండి, ఆ ఊరి పెద్దవాళ్లని మాట్లాడనివ్వండి. దండలూ శాలువాలూ ఉపన్యాసాలూ మాత్రం వద్దు, అవి మొదలైతే చదివేవాళ్లు లేచి వెళ్లిపోతారు.

ఎప్పుడైనా జనవరిలో ఓర్లాండో వైపు వస్తే ఈటన్‌విల్ ఉత్సవానికి వెళ్లండి. నవలంతా పూర్తి చేసే టైము లేకపోతే కనీసం ఆరో అధ్యాయం చదువుకుని వెళ్లండి, గాడిద కథ అందులోనే ఉంది.