సినిమా చదువుకు దరఖాస్తు పెట్టే ముందు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బీకామ్ చివరి పరీక్షలు అయిపోగానే సినిమా నిర్మాణంలో పోస్ట్ గ్రాడ్యుయేషన్ చేయాలనుకుంటున్నావనీ, దానికి ఏయే అర్హతలు కావాలో మామయ్యనే అడగమని మీ నాన్నగారు అన్నారనీ రాశావు. ఆయన వద్దనకుండా నా దగ్గరికి పంపినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఇన్నేళ్లుగా శబ్దగ్రహణమే వృత్తిగా బతుకుతున్నవాడిని కాబట్టి నేను చెప్పేదాంట్లో సౌండు వైపు మొగ్గు కొంత ఉంటుంది, అది గమనించి చదువుకో.

మన దేశంలో ఈ చదువుకు ముందుగా చూడవలసినవి కేంద్ర ప్రభుత్వ సంస్థలు రెండు. ఒకటి 1960లో పుణెలో, పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైన ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్. రెండవది 1995లో కోల్‌కతాలో సత్యజిత్ రే పేరిట ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్. రెండింటిలోనూ సినిమా విభాగపు ప్రధాన కోర్సులు మూడేళ్లవి. ఇంతకాలం అక్కడ ఇచ్చింది పీజీ డిప్లొమా. 2025లో ఆ రెండింటికీ డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా, అంటే సొంతంగా డిగ్రీలు ఇవ్వగల హోదా, వచ్చింది కాబట్టి ఇకపై పట్టా మాటేమిటన్న మీ నాన్నగారి సందేహానికి ఆ వార్తే సమాధానం. అయితే నువ్వు చేరే ఏడాది, నువ్వు చేరే కోర్సుకు ఇచ్చేది డిగ్రీయా డిప్లొమాయా అన్నది మాత్రం ఆ ఏటి ప్రకటనలో నీ కళ్లతో చదివి నిర్ధారించుకో. ఎవరో చెప్పారని నమ్మవద్దు, నేను చెప్పినా సరే.

కాగితం మీద అడిగే అర్హత చాలా కోర్సులకు ఏదైనా ఒక డిగ్రీ, అంతే. చివరి సంవత్సరంలో ఉన్నవారు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాకపోతే ప్రవేశం నాటికి ఉత్తీర్ణత చూపించాలి. ముందే షార్ట్ ఫిల్మ్ తీసి ఉండాలన్న నిబంధన ఏమీ లేదు కనుక, అద్దె కెమెరా కోసం అమ్మను డబ్బు అడుగుతున్నావని విన్న మాట నిజమైతే ఆ పని మానుకో. రెండు శాఖలకు మాత్రం డిగ్రీతో పాటు మరొకటి కావాలి. కళాదర్శకత్వానికి చిత్రకళ, శిల్పం, ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్ వంటి వాటిలో చదువు ఉండాలి. శబ్దగ్రహణానికి పన్నెండో తరగతి స్థాయిలో భౌతికశాస్త్రం చదివి ఉండాలి. నువ్వు ఇంటర్లో ఎంపీసీ తీసుకుని తర్వాత బీకామ్‌లోకి మారావు, అందువల్ల నీకు ఆ తలుపు తెరిచే ఉంది. సీఈసీ చదివిన నీ స్నేహితురాలికి ఆ శాఖ కుదరదు. ఆమె ఎడిటింగో దర్శకత్వమో చూసుకోవాలి. ఈ సంగతి దరఖాస్తు రుసుము కట్టిన తర్వాత తెలుసుకుని బాధపడే పిల్లలను నేను ఏటా చూస్తున్నాను, అందుకే ముందుగా రాస్తున్నాను.

భౌతికశాస్త్రం ఎందుకు అడుగుతారో అర్థమైతే ఆ శాఖలో చేసే పని ఏమిటో కూడా నీకు కొంత అర్థమవుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. అంటే మాట్లాడే మనిషికి మైకు 14 మీటర్ల దూరంలో ఉంటే అతని మాట పెదవుల కదలిక కంటే ఒక ఫ్రేము వెనకబడి చేరుతుంది. ఆరుబయట మైకు దూరం రెట్టింపైతే శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, కాని గదిలో గోడల ప్రతిధ్వని అంతగా తగ్గదు. అందువల్లనే దూరం నుంచి రికార్డు చేసిన సంభాషణ బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఈ లెక్కలు తలలో ఉన్న మనిషి సెట్‌లో బూమ్ (పొడవాటి కర్రకు కట్టిన మైకు) పట్టుకుని నిలబడే చోటు వేరుగా ఉంటుంది. మన తెలుగు చిత్రాల్లో డబ్బింగ్ అలవాటు బలంగా ఉన్నందువల్ల లొకేషన్‌లో శబ్దం పట్టడం తెలిసినవారు తక్కువ. ఈ మధ్య సింక్ సౌండ్, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసే పద్ధతి, కోరే దర్శకులు పెరుగుతున్నారు కాబట్టి ఈ శాఖలో శ్రద్ధగా చదివినవారికి పని దొరకదన్న భయం నాకు లేదు.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇక్కడ సినిమా కోర్సు అని ఒకటి ఉండదు. దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, శబ్దం అంటూ వేరువేరు శాఖలకు వేరువేరుగా ఎంపిక జరుగుతుంది. ఒక్కో శాఖలో సీట్లు పది పన్నెండుకు అటూఇటూగా ఉంటాయి. దరఖాస్తు పెట్టేవారిలో ఎక్కువ మంది దర్శకత్వం వైపే పోతారు, ఎందుకంటే బయటి నుంచి చూస్తే సినిమా అంటే దర్శకుడే అనిపిస్తుంది. నీ ఉత్తరంలోనూ దర్శకత్వం అనే రాశావు, కాని దాని కింద నాలుగు పేజీల్లో నువ్వు చూసిన సినిమాల గురించి రాసినదంతా ఏ దృశ్యం ఎక్కడ తెగింది, ఎందుకు అక్కడే తెగింది అన్నదే. అలా చూసే కన్ను ఎడిటర్‌ది. నువ్వు సౌండులోకే రావాలని నేను కోరడం లేదు. నీ ఉత్తరాన్ని నువ్వే మరొకసారి చదువుకుని, నీకు నిజంగా ఏ పని మీద ఆసక్తి ఉందో తేల్చుకున్న తర్వాతే శాఖ గడి నింపమంటున్నాను.

ఎంపిక సాధారణంగా రెండు దశల్లో ఉంటుంది. మొదటిది రాత పరీక్ష: సినిమా, సాహిత్యం, కళలు, వర్తమాన విషయాలు, తర్కం వంటి వాటి మీద ప్రశ్నలుంటాయి, శాఖకు సంబంధించి రాయవలసిన జవాబులూ ఉంటాయి. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు, కాబట్టి చూసిన దృశ్యాన్ని ఇంగ్లీషులో తేలికైన మాటలతో వర్ణించడం రోజూ సాధన చెయ్యి. రెండవ దశలో అభ్యాసాలు, ఇంటర్వ్యూ ఉంటాయి, ఎక్కువ మంది తడబడేది అక్కడే. అక్కడ కూర్చున్నవారు నువ్వు ఎన్ని ప్రపంచ సినిమాల పేర్లు చెప్పగలవో చూడరు. ఒక బొమ్మనో శబ్దాన్నో ముందు పెట్టి, నీకు నువ్వుగా ఏం గమనించావో అడుగుతారు. కోచింగ్ సెంటర్లలో బట్టీ పట్టించే సమాధానాలు వాళ్లు రెండో మాటలోనే పట్టేస్తారు.

దానికి సాధన రాజమండ్రిలో ఉన్న నీకు బాగా కుదురుతుంది. ఒక సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద, ఫోన్ సంచిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చో. ఇనుప దూలాల రోడ్డు-కం-రైలు వంతెన మీద పోయే రైలుకూ, కాంక్రీటు ఆర్చి వంతెన మీద పోయే రైలుకూ చప్పుడులో తేడా నీకే తెలుస్తుంది: మొదటిదానిలో లోహం మోగుతుంది, ఆ మోత నీటి మీదుగా సాగి వస్తుంది, రెండవదానిలో చక్రాల దరువు మాత్రం పొడిగా వినిపిస్తుంది. ఆ రైలు వెళ్లిపోయిన తర్వాత ముందుగా చెవిన పడేది ఏమిటి, పడవ తాడు రాపిడా, రేవులో బట్టలు జాడించే చప్పుడా, ఎవరిదో దగ్గా? ఇంటికి వచ్చి అదే వరసలో ఒక పేజీ రాయి. మధురం, భీకరం వంటి విశేషణాలు ఒక్కటీ వాడకుండా రాయి. ఎడిటింగ్ ఎంచుకున్నా ఈ సాధన వృథా కాదు, ఎందుకంటే ఏది ముందు ఏది వెనక అన్న నిర్ణయమే అక్కడి చదువంతా.

చేరిన తర్వాత పట్టా చేతికి రావాలంటే ఏం చేయాలో ఎవరూ ముందు చెప్పరు కనుక అది కూడా రాస్తున్నాను. తరగతులకు హాజరు కావడం, పరీక్షలు రాయడం మాత్రమే సరిపోవు. ప్రతి సెమిస్టర్‌లో అభ్యాస చిత్రాలు ఉంటాయి, చివర్లో డిప్లొమా చిత్రం ఉంటుంది. ఆ చిత్రం ఒక దర్శకత్వ విద్యార్థి, ఒక ఛాయాగ్రహణ విద్యార్థి, ఒక ఎడిటింగ్ విద్యార్థి, ఒక సౌండు విద్యార్థి కలిసి చేసేది, నలుగురికీ మార్కులు దాని మీదే. స్క్రిప్టు ఆలస్యమైతే షూటింగ్, షూటింగ్ ఆలస్యమైతే ఎడిటింగ్, అది ఆలస్యమైతే మిక్సింగ్ (శబ్దాలన్నీ కలిపి సరిచేసే పని) వెనకబడతాయి, చివరికి నలుగురి పట్టా ఆగుతుంది. కాబట్టి చెప్పిన రోజుకు చెప్పిన పని ఇవ్వగలగడం, నచ్చని మనిషితో కూడా పనిలో మర్యాదగా మాట్లాడగలగడం ఈ చదువుకు ప్రకటనలో అచ్చు వేయని అర్హతలు. బాహుబలికి ఛాయాగ్రహణం చేసిన మన కె.కె. సెంథిల్ కుమార్ ఆ పని నేర్చుకున్నది పుణెలోనే. పెద్ద చిత్రాల్లో వందల మందితో పని నడిపించే ఓర్పు అలాంటి చోట్లనే అలవడుతుందని నా నమ్మకం.

మీ పెదనాన్నగారి అబ్బాయికి వర్ణాంధత్వం (కొన్ని రంగుల తేడా తెలియకపోవడం) ఉంది కనుక అతను దరఖాస్తే పెట్టడం లేదని రాశావు. ఈ విషయం అతనికి తప్పక చెప్పు: పుణెలో ఎడిటింగ్ కోర్సుకు ఎంపికై, వర్ణాంధత్వం కారణంగా ప్రవేశం దక్కని ఒక అభ్యర్థి వేసిన కేసులో, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వర్ణాంధత్వం ఉన్నవారిని అన్ని కోర్సుల్లోనూ చేర్చుకోవాలని ఆదేశించింది. ఆ అభ్యర్థి ఎంపికైనది 2015లో. అన్నేళ్లు పోరాడి అతను తెరిపించిన దారి అది, మనవాడు వాడుకోవాలి.

అమెరికా గురించి ఒక్క మాట. అక్కడ నువ్వు వెతకవలసింది ఎంఎఫ్ఏ, అంటే మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. ఎంఏ ఫిల్మ్ స్టడీస్ అని కనిపించేది సాధారణంగా సినిమాను చదివి వ్యాసాలు రాసే కోర్సు, తీయడం నేర్పేది కాదు. శేఖర్ కమ్ముల హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చదివినది ఎంఎఫ్ఏనే. డిగ్రీ మార్కుల పత్రాలతో పాటు ఎందుకు చదవాలనుకుంటున్నావో తెలిపే వ్యాసం, నువ్వు చేసిన పనుల నమూనాలు, సిఫారసు లేఖలు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు అడుగుతారు. వీసా కోసం చదువు ఖర్చు భరించగలమని బ్యాంకు కాగితాలు చూపాలి. నా అభిప్రాయం అడిగితే, ఇల్లు తాకట్టు పెట్టి చేయవలసిన చదువు కాదిది, ఎందుకంటే ఈ వృత్తిలో మొదటి ఐదారేళ్లు వచ్చే జీతంతో ఆ అప్పు తీరదు. ఉపకారవేతనం చేతికి వచ్చినప్పుడే ఆ ఆలోచన చెయ్యి.

చివరిగా కాగితాల సంగతి. మీసేవలో తీసుకున్న బీసీ సర్టిఫికెట్ ఈ సంస్థలకు సరిపోదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని స్పష్టంగా ఉన్న ఓబీసీ సర్టిఫికెట్ తహసీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి, అది ఆ ఏడాదికి చెల్లేదిగా ఉండాలి. ప్రకటన వచ్చాక తిరిగితే గడువు దాటిపోవచ్చు, అందుకని వచ్చే వారమే నాన్నగారితో కలిసి వెళ్లి దరఖాస్తు ఇవ్వు. ఇంటర్ మార్కుల మెమోలో భౌతికశాస్త్రం మార్కులు కనిపించే పేజీని స్కాన్ చేయించి పెట్టుకో. ఘాట్ దగ్గర రాసిన పేజీని తపాలాలో పంపినా, ఫోన్‌లో ఫొటో తీసి పంపినా సరే, నేను చదివి మార్జిన్లలో రాసి తిప్పి పంపుతాను. శాఖ ఏదన్నది ఆ తర్వాత మనం మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య