ముత్తాతకు ‘డ్రాప్సీ’, చంటిపిల్లలకు బాలగ్రహం.. మాకూ వస్తాయా?

ప్రశ్న: నా వయసు 38. ఉండేది విశాఖపట్నం. వంశవృక్షం రాద్దామని పాత కాగితాలు తిరగేస్తుంటే, ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసిన మా ముత్తాత 1930ల్లో ‘డ్రాప్సీ’తో చనిపోయినట్టు కనిపించింది. శ్రీకాకుళం వైపు ఉన్న ఆయన చెల్లెలికి ముగ్గురు చంటిపిల్లలు బాలగ్రహంతో పోయారని, చిన్నతాత సంధి వచ్చి పోయాడని నాయనమ్మ చెబుతుంది. మా వంశంలో గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నట్టా? జన్యు పరీక్షలు చేయించుకోవాలా?

జవాబు: ముందు టెన్షన్ పడకండి. మీరు రాసినవేవీ ఇప్పుడు మేం రాసే లాంటి జబ్బు పేర్లు కావు, ఆ రోజు మంచం దగ్గర కళ్లకు కనిపించిన లక్షణాలు. గుండెను చూసే ఎకో స్కాన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష లేని రోజుల్లో ఒళ్లంతా నీరు పట్టిన మనిషి పోతే డ్రాప్సీ అనే రాసేవారు. అది గుండె కవాటాలు పాడై కావచ్చు, కిడ్నీలు, లివరు దెబ్బతిని కావచ్చు, కొంకి పురుగుల వల్ల రక్తం బాగా తగ్గిపోయీ కావచ్చు.

ఖరగ్‌పూర్ అన్నారు కాబట్టి నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. బెంగాల్‌లో వంటకు ఆవనూనె వాడతారు. బ్రహ్మదండి అనే కలుపు మొక్క గింజలు చూడ్డానికి ఆవాల్లాగే ఉంటాయి, ఆ నూనె కలిస్తే సన్నటి రక్తనాళాల్లోంచి నీరు కారి కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది, గుండె అలసిపోతుంది. కలకత్తాలో 1877లోనే ఈ జబ్బును గుర్తించారు, 1998లో ఢిల్లీలో కూడా కల్తీ నూనె వల్ల ఇదే వచ్చి జనం చనిపోయారు. అందుకే నాయనమ్మను ఒక్క మాట అడగండి: ఆ నెలల్లో ఆ ఇంట్లో ఇంకెవరికైనా కాళ్లు ఉబ్బాయా? ఒకే కుండలో తిన్నవాళ్లందరికీ ఒకేసారి వచ్చిందంటే అది రక్తంలోంచి వచ్చింది కాదు, వంటింట్లోంచి వచ్చింది.

పిల్లల సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. చంటిబిడ్డ ఉన్నట్టుండి పోతే గ్రహం పట్టిందనుకుని బాలగ్రహం అనేవారు. ఇక్కడ ఎన్నో రోజున పోయారన్నదే అసలు ప్రశ్న. పుట్టిన వారం అటూ ఇటూగా పాలు తాగడం మానేసి, దవడ బిగుసుకుని, ఒళ్లు విల్లులా వంగి పోతే అది బొడ్డు కోసిన కొడవలి వల్ల వచ్చిన ధనుర్వాతం. అలా కాకుండా రెండు నుంచి నాలుగు నెలల మధ్య, బొద్దుగా ఉన్న బిడ్డ ఏడుపు ముఖం పెట్టి నోరు తెరిచినా గొంతు రాకపోవడం, ఎగశ్వాస, గంటల్లోనే ప్రాణం పోవడం జరిగితే నేను బెరిబెరి, అంటే బి1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు అనుకుంటాను. గంజాం, విశాఖ నుంచి కిందికి మన కోస్తా అంతా ఒకప్పుడు బెరిబెరికి పేరుపడిన ప్రాంతం. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవారు, ధాన్యం ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజలోకి దిగుతుంది. మనవాళ్లు తెల్లగా మర పట్టించిన పచ్చి బియ్యం కడిగి, గంజి వార్చి తినేవారు. దానికితోడు బాలింతకు కటిక పథ్యం. తల్లి ఒంట్లోనే బి1 లేకపోతే పాలల్లోకి ఎక్కడినుంచి వస్తుంది? ఒకే తల్లికి బిడ్డ తర్వాత బిడ్డ పోవడం అప్పట్లో ఇలాగే జరిగేది, పాపం ఆ తల్లినే గ్రహపాటు మనిషి అనేవారు.

సంధి అంటే తీవ్రమైన జ్వరంలో కలవరింతలు. టైఫాయిడ్, న్యుమోనియా, మెదడుకెక్కిన మలేరియా, ఏదైనా కావచ్చు. వంశానికి సంబంధం లేదు.

జన్యు పరీక్షలకు డబ్బు తగలేయకండి. ముత్తాత నుంచి మీకు వచ్చేది సుమారు ఎనిమిదో వంతు, మీ అమ్మానాన్నల, వాళ్ల తోడబుట్టినవాళ్ల చరిత్రే మీకు ఎక్కువ పనికొస్తుంది. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చిందా, ఎవరికైనా డయాలసిస్ జరిగిందా, పడుచువాళ్లు ఉన్నట్టుండి కూలిపోయి చనిపోయారా అన్నవి రాసి పెట్టుకోండి. ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఒకసారి చూపించుకోండి, మీ వయసుకు ఎలాగూ కావాల్సినవే. మీది మేనరికం అయి, పిల్లల కోసం చూస్తుంటే మాత్రం ఆ చంటిపిల్లల విషయం గైనకాలజిస్టుకు చెప్పాలి, అలాంటి పెళ్లిళ్లలో కొన్ని పుట్టుకతో వచ్చే జబ్బులకు అవకాశం ఎక్కువ.

ఇంట్లో ఇప్పుడు బాలింత ఎవరైనా ఉంటే పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మీదే ఉంచకండి. పప్పు, గుడ్డు, పల్లీలు, కూరలు పెట్టండి. కశ్మీర్‌లో ఈమధ్య కాలంలో కూడా తెల్లన్నం, పథ్యం కలిసి చంటిపిల్లలకు ఇదే బి1 లోపం తెచ్చాయి, సమయానికి ఇంజెక్షన్ పడితే గంటల్లో కోలుకున్నారు.